ఉంగరాల జుట్టు గుర్రం గురించి మొదట రాసిపెట్టింది ఎవరు?



పది రోజుల కింద మన గ్రూపులోని ఒక తమ్ముడు నాకు ఫోటో పంపి, "అన్నా, ఇది గుర్రమా, గొర్రెనా?" అని అడిగాడు. చూస్తే గుర్రమే. కానీ ఒళ్లంతా గొర్రెపిల్లకి ఉన్నట్టు చుట్టలు చుట్టిన వెంట్రుకలు. చెవుల లోపల కూడా ఉంగరాలే. కనురెప్పల వెంట్రుకలు పైకి మెలి తిరిగి ఉన్నాయి. జూలు అయితే జడలు కట్టిన సాధువు తలలాగా ఉంది. ఎవరో కంప్యూటర్‌లో చేసిన బొమ్మ అనుకున్నా మొదట. కాదు, నిజంగా ఉన్న జాతే. పేరు అమెరికన్ బష్కిర్ కర్లీ. ఫోటో కింద రెండు లైన్లు కూడా ఉన్నాయి: ఈ గుర్రాలని 1898లో నెవాడా రాష్ట్రంలో ఒక పశువుల కాపరి కుటుంబం కనిపెట్టిందట.

ఆ "కనిపెట్టింది" అనే మాట దగ్గర నేను ఆగిపోయా. మన గుట్టల్ని, మన జలపాతాల్ని, మన గుహల్ని ఎవరెవరో వచ్చి "కనిపెట్టిన" కథలు మనం చాలా విన్నాం కదా. అందుకే కూర్చుని చదవడం మొదలుపెట్టా. చదివిందంతా మీతో పంచుకుంటున్నా. పోస్టు పెద్దదే, ఓపిక చేసుకోండి.

ముందు గుర్రం ఎలా ఉంటుందో చెప్తా. మరీ పెద్దది కాదు. భుజం దగ్గర కొలిస్తే ఎక్కువ వాటికి నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాల నుంచి ఐదు అడుగుల దాకా ఉంటుంది. రంగు ఏదైనా ఉండొచ్చు. గుర్తు పట్టేది వెంట్రుకల్ని బట్టే. చలికాలంలో ఉంగరాలు దట్టంగా వస్తాయి. కొన్నిటికి బిగువైన చిన్న చుట్టలు, కొన్నిటికి నీటి అలల్లాగా, కొన్నిటికి నలిగిన మఖమల్ గుడ్డలాగా. ఎండాకాలం వచ్చేసరికి ఆ బొచ్చు రాలిపోయి ఒళ్లు దాదాపు మామూలు గుర్రంలాగే కనిపిస్తుంది. అప్పుడు చూసినవాళ్లకి చెవుల లోపలి వెంట్రుకలో, జూలో చూస్తే తప్ప తేడా తెలియదు. కొన్ని గుర్రాలకి ఎండాకాలంలో జూలు, తోక వెంట్రుకలు కూడా ఊడిపోయి మళ్లీ చలికాలానికి మొలుస్తాయి. పుట్టిన గుర్రప్పిల్ల మొదటి రోజు నుంచే ఉంగరాలతో ఉంటుంది. స్వభావం నెమ్మది, ఊరికే బెదిరిపోదు, చలికీ మేత కరువుకీ బాగా ఓర్చుకుంటుంది అని పెంచేవాళ్లు చెప్తారు.

ఓర్చుకుంటుంది అన్న మాటకి నెవాడాలోనే సాక్ష్యం ఉంది. ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన డమెలే అనే కుటుంబం అక్కడ ఆస్టిన్ ఊరికి దగ్గరలో పశువులు మేపుకునేది. 1898లో పీటర్ డమెలే అనే కుర్రాడు తండ్రితో కలిసి కొండల మీద గుర్రం మీద పోతుంటే, అడవి గుర్రాల్లో మూడింటికి ఒళ్లంతా ఉంగరాల బొచ్చు కనిపించింది. వాళ్లు ఆశ్చర్యపోయారు, అంతే, వదిలేశారు. తర్వాత 1931లో అలాంటి ఒక గుర్రాన్ని పట్టి, లొంగదీసి అమ్మారు. మరుసటి ఏడాది, 1932లో, భయంకరమైన చలికాలం వచ్చింది. మంచు కింద మేత కప్పబడిపోయి మామూలు గుర్రాలు చచ్చిపోయాయి. వసంతంలో చూస్తే బతికి బయటపడ్డవి ఈ ఉంగరాల గుర్రాలు. 1951-52లో మళ్లీ అదే కథ. అప్పుడు ఆ కుటుంబం గట్టిగా నిర్ణయించుకుంది, పెంచితే ఇవే పెంచాలి అని. అరబ్, మోర్గన్ జాతుల మగ గుర్రాలతో కూడా కలిపి మంద పెంచుకున్నారు. ఈ రోజు ఉన్న కర్లీ గుర్రాల్లో చాలావాటి వంశం ఆ మంద దగ్గరికి పోతుంది. ఆ కుటుంబం చేసిన పని చిన్నదేం కాదు, వాళ్లు పెంచకపోతే ఈ జాతికి ఈ రోజు ఇన్ని గుర్రాలు ఉండేవి కావేమో.

కానీ "కనిపెట్టారు" అంటేనే చిక్కు. వాళ్లు చూసిన ఆ కొండలు ఎవరివి? పశ్చిమ షోషోనీ ప్రజలవి. 1863లో రూబీ వ్యాలీ దగ్గర షోషోనీలతో అమెరికా ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. అందులో తెల్లవాళ్లు దారిన పోవడానికి, గనులు తవ్వుకోవడానికి అనుమతి ఉంది గానీ, భూమి ఇచ్చేస్తున్నాం అన్న మాట లేదు. అంటే 1898లో ఆ గుర్రాలు మేసింది మనుషులు లేని నేల మీద కాదు.

ఇక పేరు సంగతి. ఇది ఇంకా విచిత్రం. 1971లో నెవాడాలోనే ఈ గుర్రాల కోసం రిజిస్ట్రీ పెట్టారు. రిజిస్ట్రీ అంటే ఏ గుర్రం ఏ గుర్రానికి పుట్టిందో రాసుకునే పుస్తకం అనుకోండి. అప్పటికి అమెరికాలో ఒక నమ్మకం ఉండేది: రష్యాలో ఉరల్ కొండల దగ్గర ఉండే బష్కిర్ ప్రజలు ఉంగరాల బొచ్చు గుర్రాలు పెంచుతారు, వాటి పాలతో కుమిస్ అనే పులిసిన పానీయం చేసుకుంటారు, వెంట్రుకలతో గుడ్డ నేస్తారు అని. కాబట్టి ఇవి కూడా అక్కడివే అయ్యుంటాయని అనుకుని బష్కిర్ పేరు తగిలించేశారు. తర్వాత వెతికినవాళ్లకి తేలిందేంటంటే, సోవియట్ దేశాల్లో ఉంగరాల బొచ్చు కనిపించే జాతి ముఖ్యంగా లోకాయ్. అది తజికిస్తాన్ వైపుది. బష్కిర్ల ఊళ్లకి అది చాలా దూరం. పోనీ లోకాయ్ అయినా నెవాడాకి వచ్చిందా అంటే, రష్యావాళ్లు గుర్రాల్ని ఓడల్లో నెవాడాకి తెచ్చినట్టు ఒక్క కాగితం కూడా లేదు. అలాస్కాలో రష్యావాళ్ల స్థావరాలు ఉండేవి నిజమే గానీ అక్కడ గుర్రాలే కొద్ది. రక్తపరీక్షలు చేస్తే ఈ గుర్రాలు అమెరికాలోనే ఉన్న క్వార్టర్ హార్స్, మోర్గన్ జాతులకి దగ్గరగా తేలాయి. అంటే బష్కిర్లకీ ఈ గుర్రానికీ చుట్టరికం లేదు. పేరు మాత్రం అతుక్కుపోయింది.

బయటివాడు పెట్టిన పేరు ఎంత గట్టిగా అతుక్కుంటుందో మనకి వేరే చెప్పాలా! గోండు అనే పేరు మనం పెట్టుకున్నది కాదు, మనం మనల్ని కోయతూర్ అనుకుంటాం. సర్టిఫికెట్‌లో మాత్రం గోండు అనే ఉంటుంది.

సరే, రష్యా కాకపోతే ఎక్కడివి? ఇక్కడ నుంచి నాకు నిజంగా ఆసక్తి పెరిగింది. ఎందుకంటే ఉత్తర అమెరికాలో ఈ గుర్రం గురించి ఉన్న పాత రికార్డు, డమెలే కుటుంబం చూసినదానికి దాదాపు వంద ఏళ్ల ముందుది. అది అక్షరాల్లో రాసింది కాదు. బైసన్ తోలు మీద వేసిన బొమ్మ.

అమెరికా మధ్యలోని పెద్ద గడ్డిమైదానాల్లో ఉండే లకోటా, డకోటా ప్రజల్ని పుస్తకాల్లో "సూ" అని రాస్తారు. అది కూడా వేరేవాళ్లు పెట్టిన పేరే. వాళ్లలో కాలాన్ని లెక్కపెట్టే ఒక పద్ధతి ఉండేది. లకోటా భాషలో దాన్ని వనియేటు వొవాపి అంటారు. మనం శీతాకాలపు లెక్క అందాం. వాళ్లకి సంవత్సరం అంటే మొదటి మంచు పడ్డప్పటి నుంచి మళ్లీ మొదటి మంచు పడేదాకా. ఏడాది గడిచాక పెద్దవాళ్లు కూర్చుని, ఈ ఏడాదిని దేనితో గుర్తుపెట్టుకుందాం అని మాట్లాడుకునేవాళ్లు. అది పెద్ద యుద్ధమే కానక్కర్లేదు, అందరికీ గుర్తుండే సంగతి అయితే చాలు. లెక్క రాసే మనిషి దానికి ఒక బొమ్మ వేసేవాడు. ఏడాదికి ఒక్కటే బొమ్మ. ఆ బొమ్మ వెనక కథంతా ఆ మనిషి నోట్లో ఉండేది. చలి రాత్రుల్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి చెప్పేవాడు.

వీటిలో బాగా పేరున్నది లోన్ డాగ్ అనే యాంక్టొనై పెద్దమనిషి లెక్క. ఆయన అసలు పేరు షుంక ఇష్నాలా, ఒంటరి కుక్క అని అర్థం. ఆయన లెక్కలో బొమ్మలు నత్త గుల్లలాగా మధ్యలో మొదలై చుట్టూ తిరుగుతూ బయటికి వస్తాయి. 1800-01తో మొదలై 1870-71తో ముగుస్తుంది. మొదటి బొమ్మ: మూడు వరుసల్లో ముప్పై నల్ల గీతలు. ఆ ఏడాది క్రో తెగవాళ్లు ముప్పై మంది డకోటాలని చంపారు. రెండోది: ఒంటి నిండా ఎర్ర మచ్చలతో ఒక మనిషి. మశూచి వచ్చిన ఏడాది. మూడోది: గుర్రపు లాడం. అప్పటిదాకా వాళ్ల గుర్రాల కాళ్లకి ఇనుము ఉండేది కాదు. ఆ ఏడాది లాడాలు కొట్టిన గుర్రాలు దొరికాయి, అంటే చేతులు మారి మారి తెల్లవాళ్ల దగ్గర నుంచి వచ్చినవి.

నాలుగో బొమ్మ, 1803-04. ఒక గుర్రం. ఒంటి మీద అంతా చిన్న చిన్న నల్ల గుర్తులు. ఆ గుర్తులు ఉంగరాల వెంట్రుకల కుచ్చులు. డకోటాలు క్రో వాళ్ల దగ్గర నుంచి ఉంగరాల జుట్టు గుర్రాల్ని తోలుకొచ్చిన ఏడాది అది.

ఒక్క నిమిషం ఆలోచించండి. మూడేళ్లలో ఒక మారణకాండ, ఒక మహమ్మారి, లాడాలు కట్టిన కొత్త రకం గుర్రాలు. వాటి పక్కన, ఏడాది మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఏంటంటే ఈ గుర్రాలు అని పెద్దలు నిర్ణయించారు. గుర్రాల మధ్యే పుట్టి పెరిగిన మనుషులకి కూడా అవి అంత వింతగా కనిపించాయన్నమాట. ఇంకొన్ని శీతాకాలపు లెక్కల్లోనూ ఈ గుర్రాల ముచ్చట ఉంది.

"తోలుకొచ్చారు" అన్నాను. ఇంగ్లీషు పుస్తకాల్లో "దొంగిలించారు" అని ఉంటుంది. మైదానాల తెగల మధ్య శత్రువు గుర్రాన్ని వాడి గుడారం ముందు నుంచే విప్పుకుని రావడం అంటే యువకుడికి పెద్ద గౌరవం, యుద్ధంలో సాహసం చేసినంత లెక్క. ఇవతలివాళ్లు తెస్తే రేపు అవతలివాళ్లు వచ్చి తోలుకుపోయేవాళ్లు. దాన్ని దొంగతనం అనే ఒక్క మాటలో పెట్టేస్తే ఆ సమాజం అర్థం కాదు. ఒక మొత్తం తెగకి దొంగ అని ముద్ర వేస్తే ఏమవుతుందో మన ఎరుకల సోదరుల్ని అడగండి, 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం బరువు వాళ్లకి తెలుసు. ఆ చట్టం తరతరాలు వాళ్ల వెంటపడింది.

కొంతమందికి అనుమానం రావొచ్చు: తోలు మీద బొమ్మ, నోటి మాట, దీన్ని చరిత్ర అనొచ్చా? తేదీ ఎలా నమ్మాలి? దానికి జవాబు ఆ లెక్కలోనే ఉంది. 1833-34 బొమ్మ నక్షత్రాలు రాలిన ఏడాది. 1833 నవంబర్‌లో అమెరికా అంతా చూసిన లియోనిడ్ ఉల్కల వాన అది, ఖగోళ శాస్త్రం పుస్తకాల్లో తేదీతో సహా ఉంది. వేర్వేరు తెగల, వేర్వేరు మనుషుల శీతాకాలపు లెక్కల్లో ఆ రాలే నక్షత్రాల బొమ్మ ఉంది. అక్కడ మేకు కొట్టి వెనక్కి ముందుకి ఏళ్లు లెక్కపెట్టుకోవచ్చు. 1869 ఆగస్టు సూర్యగ్రహణం కూడా లోన్ డాగ్ లెక్కలో సరిగ్గా దాని చోటులోనే ఉంది. అంటే ఆ లెక్క ఏడాది కూడా తప్పకుండా నడిచింది.

ఇంకో సంగతి. ఇదేదో ఈ మధ్య బయటపడ్డ రహస్యం కాదు. గారిక్ మాలరీ అనే అమెరికా సైనికాధికారి లోన్ డాగ్ లెక్క నకలు సంపాదించి, ఒక్కో బొమ్మకి అర్థం అడిగి తెలుసుకుని 1877లోనే ప్రభుత్వ ప్రచురణలో అచ్చు వేయించాడు. తర్వాత 1886లో ఒకసారి, 1893లో ఒకసారి పెద్ద పుస్తకాల్లో మళ్లీ వచ్చింది. ఉంగరాల గుర్రాల బొమ్మ దగ్గర ఆయన, ఇలాంటివి ఇప్పటికీ మైదానాల్లో ఉన్నాయని, క్రో వాళ్లకి చాలా ముందే గుర్రాలు చేతికొచ్చాయని కూడా రాశాడు. 1898లో "కనిపెట్టేసరికి" ఆ సమాచారం అచ్చై ఇరవై ఏళ్లు దాటింది! 1971లో పేరు పెట్టేటప్పుడు రష్యా దాకా వెళ్లిన ఊహ, పక్క రాష్ట్రాల ఆదివాసీల తోలు బొమ్మ దగ్గర ఆగలేదు.

క్రో వాళ్ల గురించి కూడా ఒక మాట. వాళ్లు తమని అప్సాలుకే అనుకుంటారు, పెద్ద ముక్కు పక్షి పిల్లలు అని అర్థం చెప్తారు. తెల్లవాళ్లు దాన్ని కాకి అని తర్జుమా చేసి క్రో చేసేశారు. మోంటానా వైపు వాళ్ల నేల. ఈ గుర్రాలు 1803కి ముందు ఎన్ని తరాలు వాళ్ల మందల్లో ఉన్నాయో డకోటా లెక్క చెప్పదు, అది డకోటాల లెక్క కాబట్టి.

అయితే అసలు ఆ మైదానాలకి గుర్రం ఎప్పుడు వచ్చింది? గుర్రం జాతి పుట్టిందే అమెరికా ఖండంలో. కానీ సుమారు పది వేల ఏళ్ల కింద అక్కడ అంతరించిపోయింది. మళ్లీ 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో కరీబియన్ దీవులకి, 1519లో కోర్టెస్‌తో మెక్సికోకి స్పెయిన్ గుర్రాలు దిగాయి. చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పింది ఏంటంటే, 1680లో న్యూ మెక్సికోలో ప్యూబ్లో ప్రజలు స్పానిష్ పాలకుల మీద తిరగబడి తరిమేసినప్పుడు గుర్రాలు ఆదివాసీల చేతికి చిక్కాయని, అక్కడి నుంచే ఉత్తరానికి పాకాయని. లకోటా, కమాంచీ, పానీ పెద్దలు మాత్రం మా దగ్గర గుర్రాలు అంతకన్నా ముందు నుంచే ఉన్నాయి అంటూ వచ్చారు. వాళ్ల మాట ఎవరూ పట్టించుకోలేదు.

2023లో సైన్స్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. అందులో ఆ తెగలకి చెందిన పరిశోధకులు కూడా రచయితలుగా ఉన్నారు. మైదానాల్లో, రాకీ పర్వతాల దగ్గర తవ్వకాల్లో దొరికిన పాత గుర్రపు ఎముకల వయసు రేడియోకార్బన్ పద్ధతిలో లెక్కకట్టారు, వాటి డీఎన్ఏ చూశారు. 1680 తిరుగుబాటుకి ముందే, ఆ శతాబ్దం మొదటి సగంలోనే, ఆదివాసీల దగ్గర గుర్రాలు ఉన్నాయని తేలింది. వయోమింగ్‌లో దొరికింది ఒక గుర్రప్పిల్ల, అంటే అక్కడే పుట్టింది, అక్కడే పెంచారు. కళ్లెం వాడిన గుర్తులు, జబ్బు చేస్తే చూసుకున్న గుర్తులు ఎముకల మీద ఉన్నాయి. డీఎన్ఏలో స్పెయిన్ రక్తం స్పష్టంగా ఉంది. తెల్లవాడు ఆ మైదానాల్లో స్థిరపడకముందే గుర్రం ఆదివాసీ నుంచి ఆదివాసీకి చేతులు మారుతూ పోయిందన్నమాట. లకోటా భాషలో గుర్రాన్ని షుంక వకాన్ అంటారు. షుంక అంటే కుక్క (లోన్ డాగ్ పేరులో ఉన్న షుంక ఇదే), వకాన్ అంటే పవిత్రమైనది, అంతు చిక్కనిది. అంతకుముందు వాళ్ల బరువులు లాగింది కుక్కలే మరి.

ఉంగరాల వెంట్రుకల కథ ఒక్క ఉత్తర అమెరికాదే కూడా కాదు. దక్షిణ అమెరికాలో పరాగ్వేలో ఫెలిక్స్ దె అజారా అనే స్పానిష్ అధికారి సరిహద్దులు కొలిచే పని మీద 1781 నుంచి ఇరవై ఏళ్లు ఉన్నాడు. అక్కడ అప్పుడప్పుడు ఇలాంటి గుర్రప్పిల్లలు పుడతాయని, కలిపి పుట్టించినా ఆ లక్షణం పిల్లలకి వస్తుందని రాశాడు. చార్లెస్ డార్విన్ 1868లో పెంపుడు జంతువుల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతి తీసుకుని, ఆ గుర్రాలకి జూలు, తోక పొట్టిగా ఉంటాయని, గిట్టలు కంచరగాడిద గిట్టల్లాగా ఉంటాయని చెప్పాడు. అందులో ఇంకో చిన్న మాట ఉంది: అలాంటి పిల్లలు పుడితే సాధారణంగా చంపేస్తారు అని. అజారా, మాలరీ ఇద్దరూ ఆ వెంట్రుకల్ని ఆఫ్రికా మనుషుల జుట్టుతో పోల్చారు. ఆ పోలిక గౌరవంతో చేసింది కాదు. పరాగ్వే పశువుల యజమానులకి ఆ జుట్టు ఒక లోపం, తీసేయాల్సిన మచ్చ. ఇంచుమించు అదే కాలంలో డకోటాలకి అది ఒక సంవత్సరానికి గుర్తు.

న్యూయార్క్‌లో అయితే అది టికెట్ పెట్టి చూపించే తమాషా అయింది. సర్కస్ పేరుతో మీరు విని ఉంటారు, పి.టి. బార్నమ్. ఆయన 1848లో సిన్సినాటీ ఊళ్లో ఒక "ఉన్ని గుర్రాన్ని" కొన్నాడు. అది ఇండియానా రాష్ట్రంలో పుట్టిన గుర్రం. జూలు లేదు, తోకకి వెంట్రుక లేదు, ఒళ్లంతా చర్మానికి అంటుకున్న ఉంగరాల బొచ్చు. కొన్నాళ్లు దాచిపెట్టాడు. అప్పుడే రాకీ పర్వతాల్లో దారులు వెతకడానికి పోయిన ఫ్రెమాంట్ అనే అధికారి మంచులో చిక్కుకున్నాడని పత్రికల్లో వార్తలు. ఆ గుర్రాన్ని ఫ్రెమాంటే కొండల్లో వెంటాడి పట్టాడని ప్రచారం చేసి, మనిషికి పావు డాలరు వసూలు చేశాడు. ఫ్రెమాంట్ మామ సెనేటర్, ఆయన కేసు కూడా వేశాడు, నిలబడలేదు. ఇదంతా అబద్ధమని బార్నమ్ తర్వాత తన ఆత్మకథలో తనే నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఆ జూలు లేని తనం గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఇప్పుడు బాధపెట్టే భాగం. డకోటాల, క్రోల మందలు ఏమయ్యాయి?

మైదానాల తెగల్ని ఓడించాలంటే గుర్రాల్ని తీసేయాలి అని అమెరికా సైన్యానికి త్వరగానే అర్థమైంది. 1874 సెప్టెంబర్‌లో టెక్సాస్‌లోని పాలో దురో లోయలో కర్నల్ మెకంజీ కమాంచీ, కయోవా, షయాన్ ప్రజల గుర్రాల్ని పట్టుకుని, వెయ్యికి పైగా కాల్చి చంపించాడు. గుర్రం లేకపోతే వేట లేదు, వేట లేకపోతే తిండి లేదు, ఇక రిజర్వేషన్‌కి నడిచి రావాల్సిందే. (అక్కడ రిజర్వేషన్ అంటే మన ఉద్యోగాల రిజర్వేషన్ కాదు, తెగని కట్టి పడేసిన సరిహద్దు భూమి.) అదే మెకంజీ 1876 అక్టోబర్‌లో నెబ్రాస్కాలో రెడ్ క్లౌడ్, రెడ్ లీఫ్ అనే ఇద్దరు లకోటా నాయకుల శిబిరాల్ని తెల్లారేసరికి చుట్టుముట్టాడు. ఆ జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర సైన్యం ఓడిపోయింది కదా, దాని కోపం. కానీ రెడ్ క్లౌడ్ ఆ యుద్ధానికి పోలేదు. అయినా గుర్రాలన్నీ తోలుకుపోయారు. కొన్ని సైన్యానికి పనిచేసిన స్కౌట్లకి ఇచ్చారు, మిగతావి అమ్మేశారు. ఈసారి దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు.

పదమూడేళ్ల తర్వాత, 1889 మార్చిలో, అమెరికా పార్లమెంటు నష్టపరిహారం ఇస్తామని చట్టంలో రాసింది: గుర్రానికి 40 డాలర్ల చొప్పున మొత్తం 28,200 డాలర్లు. భాగిస్తే 705 గుర్రాలు. ఏ గుర్రానికి ఎలాంటి జూలు ఉంది, ఏది ఎవరి తాత తెచ్చిన వంశం అన్నది ఆ లెక్కలో ఉండదు. తలకి నలభై, అంతే. ఇంకో మాట, ఆ పరిహారం ఉన్న చట్టమే లకోటాల పెద్ద రిజర్వేషన్‌ని ముక్కలు చేసి, మిగిలిన భూమిని బయటివాళ్లకి తెరిచిన చట్టం. ఒక చేత్తో నలభై డాలర్లు, ఇంకో చేత్తో నేల.

క్రో వాళ్లు సైన్యం వైపే ఉన్నారు, స్కౌట్లుగా పనిచేశారు. వాళ్ల గుర్రాలు మాత్రం మిగిలాయా? 1920ల్లో, పశువుల కంపెనీలకి గడ్డి కావాలని, క్రో రిజర్వేషన్ మీద తిరిగే గుర్రాల్ని వేల సంఖ్యలో కాల్చి చంపారు. ఎటువైపు నిలబడ్డా ఒకటే ఫలితం.

అందుకే 1803లో క్రో మందల నుంచి వచ్చిన గుర్రాలకీ, 1898లో నెవాడా కొండల్లో కనిపించిన మూడు గుర్రాలకీ మధ్య గీత గీసి, ఇదిగో వంశం అని చూపించడం ఎవరివల్లా కాలేదు. చూపించాల్సిన మందలే లేకుండా చేశారు. ఈ సంగతి వదిలేసి "మూలం ఒక మిస్టరీ" అని రాసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. మిస్టరీ దానంతట అది రాలేదు.

జన్యు శాస్త్రం కొంత చెప్పింది. 2017లో పరిశోధకులు కేఆర్‌టీ25 అనే జన్యువులో ఒక చిన్న మార్పు పట్టుకున్నారు. వెంట్రుకకి ఆకారం ఇచ్చే కెరాటిన్ అనే మాంసకృత్తులో ఒక రకాన్ని తయారుచేసేది ఆ జన్యువు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి ఒక్క కాపీ వచ్చినా చాలు, పిల్లకి ఉంగరాలు వస్తాయి. ఆ మార్పు ఉన్న గుర్రాలకే జూలు, తోక పల్చబడటం, ఊడటం కూడా కనిపిస్తుంది. బార్నమ్ గుర్రం, అజారా చెప్పిన పొట్టి జూలు గుర్తొచ్చాయా? 2018లో ఎస్‌పీ6 అనే ఇంకో జన్యువులో మార్పు వల్ల కూడా ఉంగరాలు వస్తాయని తేలింది, వీటికి జూలు ఊడే బాధ ఉండదు. అంటే ఉంగరాల జుట్టు ఒకేసారి, ఒకేచోట పుట్టిన లక్షణం కాదు. బష్కిర్ల దగ్గర నుంచో ఇంకెక్కడి నుంచో ఒకే ఓడలో వచ్చింది అనే కథకి ఇక్కడితో నీళ్లు వదలొచ్చు.

ఈ గుర్రాల్ని అమ్మేవాళ్లు చెప్పే ఇంకో మాట కూడా చూసుకుందాం: గుర్రం దగ్గరికి పోతే తుమ్ములు, దురద వచ్చేవాళ్లకి కర్లీ గుర్రంతో ఏమీ కాదని. నిజంగానే కొంతమంది ఇబ్బంది లేకుండా ఎక్కి తిరుగుతున్నారు. కానీ 2018లో చాలా జాతుల గుర్రాల వెంట్రుకల్లో, వాటి చుట్టూ గాలిలో ఎలర్జీ కలిగించే పదార్థాల్ని కొలిస్తే, కర్లీలలో తక్కువేమీ లేదని తేలింది. ధర పెంచే మాటలు ఎక్కడైనా ఒకటే.

ఇది చదువుతున్నంతసేపూ నాకు మన కోయల పడిగెలు గుర్తొస్తూనే ఉన్నాయి. మూడు మూలల గుడ్డ మీద గట్టు గోత్రాల బొమ్మలు, దాన్ని విప్పి డోలీలు వంశకథ పాడటం. బొమ్మ ఒకరికి, పాట ఒకరికి వదిలేస్తే రెండూ సగమే. లోన్ డాగ్ తోలు కూడా అంతే. చెప్పే మనిషి ఉన్నప్పుడే మాలరీ అడిగాడు కాబట్టి ఆ నల్ల గుర్తులు ఉంగరాల కుచ్చులని మనకి తెలిసింది. లేకపోతే చుక్కల గుర్రం అని రాసేసేవాళ్లు. మీ ఊళ్లో పడిగె ఉండి, పాడే తాత ఇంకా ఉంటే, ఈ సెలవుల్లో ఫోన్ తీసుకెళ్లి రికార్డు చేసి పెట్టండి.

ఇప్పుడు అమెరికాలో కూడా చాలామంది పెంపకందారులు బష్కిర్ అనే మాట వదిలేసి వట్టి కర్లీ అంటున్నారు. 2000లో పెట్టిన ఇంకో రిజిస్ట్రీ పేరులో ఆ మాటే లేదు. పాత రిజిస్ట్రీ కాగితాల్లో మాత్రం అలాగే ఉంది.

ఫోటో పంపిన తమ్ముడికి జవాబుగా నేను లోన్ డాగ్ తోలు బొమ్మ పంపించా. మధ్య నుంచి లెక్కపెట్టు, నాలుగోది చూడు అని రాశా. కాసేపటికి రిప్లై వచ్చింది: "అన్నా, ఐదోది ఏంటి మరి?"